కాలీఫ్లవర్ నారుకు తొందర వద్దు, అక్టోబరు వానలు దాటనివ్వండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. ఉద్యోగ విరమణ తర్వాత మిద్దె తోట మొదలుపెట్టాను. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున ఇనుప గొట్టాలతో పందిరి వేయించి, పైనా చుట్టూ 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించాను. నారు, కూరగాయలు, ఆకుకూరలు అన్నీ అందులోనే. నిరుడు వీడియోలు చూసి సెప్టెంబరు మొదట్లోనే కాలీఫ్లవర్ గింజలు వేశాను. సగం నారు కుళ్లిపోయింది. బతికినవి ఆకులు వేశాయి గానీ పువ్వు కట్టలేదు. ఈ ఏడాదీ నారు పడిపోతోంది. జూన్‌లో పెట్టిన చిక్కుడు పందిరంతా అల్లుకుంది, పూత మాత్రం లేదు. వంగ మొక్కలు ఒక్కొక్కటిగా ఉన్నట్టుండి వాడిపోతున్నాయి. ఎండ తగ్గుతోంది కదా, నెట్ తీసేయాలా? ఇప్పుడు ఏమేం విత్తుకోవాలి? తుపాను వస్తే పందిరి ఏమవుతుందోనని మావారికి భయం. మరొకటి, కుండీలో ఉన్న ఐదేళ్ల కరివేపాకు పసుపు రంగుకు తిరుగుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చాలా ప్రశ్నలు అడిగారు గానీ వాటిలో సగానికి మూలం ఒక్కటే. మీరు చూసిన వీడియోలు ఏ ఊళ్లో తీసినవో ఒకసారి గమనించండి. ఉత్తరాదిన సెప్టెంబరు చివరికి వానలు వెనక్కి తగ్గుతాయి, గాలిలో తేమ పోతుంది, రాత్రులు చల్లబడతాయి. అక్కడివాళ్లు శీతకాలపు కూరగాయల నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో పోసుకోవడం సబబే. విశాఖ సంగతి వేరు. నైరుతి రుతుపవనాలు వెళ్లిపోతూ ఈశాన్య రుతుపవనాలు అందుకునే ఆ సంధికాలంలోనే మన తీరానికి గట్టి వానలు పడతాయి. ఏడాది మొత్తంలో ఎక్కువ వాన కురిసే నెలల్లో మనకు అక్టోబరు ముందు వరసలో ఉంటుంది. బంగాళాఖాతంలో తుపాన్లు లేచే కాలమూ అదే. పంచాంగంలో శరదృతువు వచ్చినా మన మిద్దెల మీద మాత్రం అప్పటికి ఇంకా వానకాలమే నడుస్తూ ఉంటుంది.

అందుకని నా మాట ఇది. ఇప్పుడు సెప్టెంబరు మూడో వారం. ఇప్పటి నుంచి అక్టోబరు నెలాఖరు దాకా మీరు చేయాల్సింది నారు పెంచుకోవడం, మట్టి సిద్ధం చేసుకోవడం, నీళ్లు పోయే దారులు బాగుచేసుకోవడం. మొక్కల్ని పెద్ద కుండీల్లోకి మార్చే పని నవంబరు మొదటి వారానికి ఉంచండి. ఆ తేదీ పెట్టుకుని వెనక్కి లెక్క వేస్తే ఏ గింజ ఎప్పుడు వేయాలో తేలిపోతుంది. మిరప నారు ఎదగడానికి 35 నుంచి 40 రోజులు, వంగకు 30 నుంచి 35 రోజులు పడుతుంది కాబట్టి మిరప గింజలు ఈ వారంలోనే, వంగ గింజలు నెలాఖరుకు వేయండి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు 25 నుంచి 30 రోజుల్లో తయారవుతుంది. వాటిని అక్టోబరు మొదటి వారం దాటాక వేస్తే చాలు. నారు ముదిరిపోవడం లేత నారు కంటే ప్రమాదం. ముఖ్యంగా కాలీఫ్లవర్ నారు ట్రేలో 40 రోజులు కూర్చుందంటే కుండీలోకి మార్చాక మొక్క పెరగకముందే ఉసిరికాయంత పువ్వు వేసి ఆగిపోతుంది.

ఇక నారు పడిపోవడం గురించి. పడిపోయిన మొలకను ఒకదాన్ని జాగ్రత్తగా పైకి తీసి వెలుతురులో చూడండి. మట్టిని తాకే చోట కాడ నీళ్లలో నానినట్టయి, గోధుమ రంగుకు తిరిగి, దారమంత సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది. పైనున్న రెండాకులూ ఇంకా పచ్చగానే ఉంటాయి. అందుకే నిన్న బాగున్న మొలక ఇవాళ పక్కకు ఒరిగిందేమని మనకు ఆశ్చర్యం వేస్తుంది. దీన్నే నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాలు దీనికి కారణం. అవి దాదాపు ప్రతి మట్టిలోనూ ఉంటాయి, తడి ఆరకపోతే, గాలి ఆడకపోతే, మొలకలు ఒత్తుగా ఉంటే విజృంభిస్తాయి. మీ పందిట్లో మొదటి రెండూ ఉన్నాయి. చుట్టూ నెట్ కట్టారు కాబట్టి గాలి మందగిస్తుంది. పైనున్న షేడ్ నెట్ వానను ఆపదు. చినుకులు దారాల మీద చేరి పెద్ద బొట్లుగా మారి మొలకల మీద పడుతుంటాయి. మబ్బు పట్టిన రోజున, ఉన్న వెలుతురులో సగం నెట్టే మింగేస్తుంది కాబట్టి మొలకలు వెలుతురు కోసం సాగి కాడ బలహీనపడుతుంది.

కాబట్టి నారుకు పందిట్లోనే ఒక మూల విడిగా చోటు చేయండి. నాలుగడుగుల చదరం చాలు. దాని మీద ఉన్న షేడ్ నెట్ తీసేసి, పారదర్శకంగా ఉండే దళసరి పాలిథిన్ షీటును ఏటవాలుగా కట్టండి. వాన పక్కకు జారిపోవాలి, మీద నిలవకూడదు. పక్కలకు పాలిథిన్ వద్దు, పురుగులు రాని సన్నటి తెల్ల నెట్ కట్టండి. దుకాణంలో 40 మెష్ అని అడిగితే ఇస్తారు. అది తెల్లదోమను ఆపుతుంది. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమే. నారు దశలో దాన్ని దూరం పెట్టగలిగితే పంట సగం చేతికి వచ్చినట్టే. తామర పురుగులు మాత్రం ఆ నెట్‌లోంచి కూడా దూరిపోగలవు, కాబట్టి మిరప నారు ఆకుల అడుగున అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

పాత కుండీల మట్టితో నారు పోయకండి. 98 గుంటల ప్రో ట్రేలు, అంటే నారు పోసుకునే ప్లాస్టిక్ ట్రేలు, కొబ్బరి పొట్టు తెచ్చుకోండి. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి నేరుగా వాడేస్తుంటారు చాలామంది. అందులో ఉప్పు ఉంటుంది. నానిన పొట్టును గోనెపట్టాలో పోసి, మంచి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, గట్టిగా పిండాలి. కడిగిన పొట్టు మూడు వంతులకు జల్లించిన వర్మీ కంపోస్టు ఒక వంతు కలపండి. ట్రైకోడెర్మా విరిడి అనేది తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం. దాని పొడి వ్యవసాయ మందుల దుకాణాల్లో దొరుకుతుంది, దాన్ని కూడా పిడికెడు కలిపితే మంచిది. గుంటకు ఒక్క గింజ, అర సెంటీమీటరు లోతు, అంతకు మించి వద్దు. విత్తాక ట్రే మీద గుడ్డ కప్పితే, మొలక కనిపించిన రోజే దాన్ని తీసేయండి. నీళ్లు పొద్దున్న పది గంటల లోపే పోయండి, సాయంత్రం మాత్రం వద్దు. పోయాలా వద్దా అనేది పైపొర చూసి తేల్చుకోకండి. ట్రేను చేత్తో పైకెత్తండి. బరువుగా ఉంటే ఆ పూట నీళ్లు అక్కర్లేదు. రెండు రోజులు ఇలా ఎత్తి చూస్తే చేతికి ఆ తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ట్రేలో ఉన్న నారులో ఒక వైపే తెగులు ఉంటే, ఆ వరసలు తీసి పారేయండి. మిగిలిన వాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయవచ్చు. ఈ మందూ ట్రైకోడెర్మా ఒకేసారి వాడకూడదు, రెండింటి మధ్య పది పదిహేను రోజుల ఎడం ఉంచండి. సగానికి పైగా పోయి ఉంటే ఆ ట్రే మీద ఆశ వదులుకుని, కడిగి ఎండబెట్టి అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టండి. పైన చెప్పిన లెక్క ప్రకారం మీకు ఆలస్యం ఏమీ కాలేదు.

కాలీఫ్లవర్ పువ్వు కట్టకపోవడంలో మీ తప్పేమీ లేదు, గింజ ఎంపికలోనే చిక్కు. కాలీఫ్లవర్‌లో రకాలన్నీ ఒకే వాతావరణానికి పువ్వు వేయవు. ముందస్తు రకాలు 20 నుంచి 27 డిగ్రీల వేడిలో పువ్వు కడతాయి. స్నోబాల్ కోవకు చెందిన ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. విశాఖలో డిసెంబరు, జనవరి రాత్రులు కూడా మామూలుగా 16, 17 డిగ్రీల కిందికి దిగవు, పగలు 28 దాకా ఉంటుంది. స్నోబాల్ గింజ ఇక్కడ వేస్తే మొక్క చలి కోసం ఎదురు చూస్తూ ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. ఎరువు ఎంత వేసినా పువ్వు రాదు. పొట్లం మీద బొమ్మ చూసి కొనకండి, రకం పేరు చదవండి. పూసా మేఘ్న, పూసా దీపాలి వంటివి ముందస్తు రకాలు. వేడి ప్రాంతాలకని ప్రత్యేకంగా అమ్మే హైబ్రిడ్‌లూ ఉన్నాయి. నవంబరు మొదట్లో నాటితే ఇవి జనవరిలో చేతికొస్తాయి. పువ్వు కోడిగుడ్డంత అయ్యాక పక్క ఆకులు రెండు మూడు దాని మీదికి వంచి నారతో వదులుగా కట్టండి, తెల్లగా ఉంటుంది. క్యాబేజీకి ఇంత పట్టింపు లేదు. గోల్డెన్ ఏకర్ వంటి తొందరగా వచ్చే రకం కుండీలో హాయిగా గడ్డ కడుతుంది. ఈ రెండింటికీ డైమండ్ మచ్చల రెక్కల పురుగు బెడద ఉంటుంది. ఆకు అడుగున సన్నటి ఆకుపచ్చ పురుగులు కనబడగానే చేత్తో ఏరేసి, సాయంత్రం పూట వేపనూనె కొట్టండి. సీసా మీద 1500 పీపీఎం అని ఉన్న నూనె అయితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్లు కలిపి.

చిక్కుడు గురించి మీరు దిగులు పడనవసరం లేదు. మన పాత పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకు వచ్చే జాతి. జూన్‌లో మనకు పగలు దాదాపు 13 గంటలు. డిసెంబరుకు అది 11 గంటలకు వస్తుంది. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యాక పొద్దు వేగంగా కుదించుకుపోతుంది, అప్పుడు తీగకు పూత ఆలోచన వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో గెలలు కనబడతాయి, సంక్రాంతి నాటికి కోసుకున్నంత కాయ. ఈలోగా పూత లేదని పిండి ఎరువులు, పేడనీళ్లు పోశారంటే తీగ ఆకు మీదికే పోతుంది. నత్రజని పూర్తిగా మానేయండి, ఒక గుప్పెడు కట్టెబూడిద మొదట్లో వేయండి, కొనలు అక్కడక్కడా తుంచండి. ఒక్క విషయం చూసుకోండి. వీధి లైటు గానీ మేడ మీది లైటు గానీ రాత్రంతా ఆ తీగ మీద పడుతోందా? పొద్దు తగ్గిన సంగతి మొక్కకు తెలిసేది చీకటి వల్లే. లైటు పడుతుంటే ఆ వైపు పూత ఆలస్యమవుతుంది. వచ్చే ఏడాది కాలంతో పని లేకుండా కాయాలంటే అర్కా జయ్, అర్కా విజయ్ అనే పొట్టి చిక్కుడు రకాలున్నాయి. పగటి పొద్దుతో వాటికి నిమిత్తం లేదు, పందిరీ అక్కర్లేదు. రుచికి మాత్రం పందిరి చిక్కుడే మిన్న అని నా అభిప్రాయం.

వంగ మొక్కలు వాడిపోవడం తేలిగ్గా తీసుకోకండి. ఆకులు పసుపు కాకుండా, మచ్చలు లేకుండా, పచ్చగా ఉన్న మొక్క ఒక మధ్యాహ్నం తల వాల్చి, మట్టి తడిగా ఉన్నా లేవకపోతే అది బాక్టీరియా ఎండు తెగులని అనుమానించాలి. నిర్ధారణ ఇంట్లోనే చేసుకోవచ్చు. వాడిన మొక్క మొదలు దగ్గర కాడను పదునైన కత్తితో అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో నిండా ఉన్న శుభ్రమైన నీళ్లలోకి కొస ములిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాల రంగు పోగులు సన్నగా కిందికి జారితే అదే తెగులు. పోగులు రాకపోతే వేరుకుళ్లో, నీరు నిలవడమో, కాండం తొలిచే పురుగో అయి ఉంటుంది. కాడను నిలువుగా చీల్చి చూస్తే పురుగు సొరంగం కనబడుతుంది.

పోగులు వచ్చాయంటే మందు లేదు. మొక్కను వేళ్లతో సహా తీసి చెత్తలో పారేయండి, కంపోస్టు గుంటలో వేయకండి. ఆ కత్తిని వేడినీళ్లతో కడగండి. ఆ కుండీల నుంచి కారిన నీళ్లు పక్క కుండీల అడుగుకు చేరకుండా చూడండి, ఒక్కొక్కటిగా పోతున్నాయంటే నీళ్ల ద్వారానే పాకి ఉండవచ్చు. ఆ మట్టిలో కొన్నేళ్ల పాటు వంగ, టమాటా, మిరప ఏదీ వద్దు. ఆకుకూరలో, ముల్లంగో వేసుకోండి. కొత్త మొక్కలకు తెగులును తట్టుకునే వంగ రకాలు అర్కా నిధి, అర్కా కేశవ్ ఉన్నాయి. టమాటాలో అర్కా రక్షక్ ఈ ఎండు తెగులుతో పాటు ఆకుముడత వైరస్‌నూ, ముందస్తు ఆకుమాడు తెగులునూ తట్టుకుంటుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలివి. మన తీరపు ఉక్కకు టమాటా వేయాలంటే నేను మొదట చెప్పే పేరు అర్కా రక్షక్.

ఇక నెట్ మాట. తీసేయండి, కానీ ఒక్కసారిగా కాదు. చుట్టూ కట్టిన పక్క నెట్‌లను ఇవాళే విప్పేయండి, గాలి ఆడనివ్వండి. పైనున్నదాన్ని అక్టోబరు వరకు సగం మేర ఉంచండి, ఎందుకంటే రెండు వానల మధ్య వచ్చే అక్టోబరు ఎండ చురుక్కుమంటుంది, ఆకుకూరల లేత మొలకలు తట్టుకోలేవు. నవంబరులో నారు నాటిన తర్వాత నాలుగైదు రోజులు నీడ ఇచ్చి, ఆపైన మొత్తం చుట్టేసి లోపల పెట్టండి. మళ్లీ ఫిబ్రవరి నెలాఖరుకు బయటికి తీయవచ్చు. టమాటా, వంగ, మిరపలకు శీతకాలంలో రోజుకు ఆరేడు గంటల సూటి ఎండ కావాలి. 50 శాతం నెట్ కింద అవి పొడుగు పెరుగుతాయి, కాయవు.

దీనికి తోడు ఎండ పడే దిక్కు కూడా మారుతోంది. వేసవిలో నడినెత్తిన ఉన్న సూర్యుడు డిసెంబరు నాటికి మధ్యాహ్నం వేళ కూడా దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. మూడడుగుల దక్షిణపు పిట్టగోడ నీడ అప్పుడు మిట్టమధ్యాహ్నమే రెండున్నర అడుగుల దాకా పరుచుకుంటుంది. వేసవిలో ఎండ కాసిన ఆ గోడ వార కుండీలు చలికాలమంతా నీడలో పడిపోతాయి. టమాటా కుండీలు ఉత్తరపు గోడ వైపుకు జరపండి, దక్షిణం గోడ వార పాలకూర, కొత్తిమీర, పుదీనా పెట్టుకోండి. మీ వాటర్ ట్యాంకు ఏ దిక్కున ఉందో కూడా చూసుకోండి.

విత్తడానికి ఇప్పుడు ఏముందంటే, ఆకుకూరలు ఆపనక్కర్లేదు. తోటకూర, గోంగూర, బచ్చలి ఈ వానకు బాగానే వస్తాయి. కొత్తిమీర, మెంతికూర, పాలకూర మాత్రం పాలిథిన్ నీడ కిందైతే సరే, బయటైతే వాన దెబ్బకు నేలకు అతుక్కుని కుళ్లుతాయి. ధనియాలను చెక్కతో నొక్కి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి విత్తండి. పది రోజులకోసారి కొద్దికొద్దిగా వేస్తే ఇంట్లో ఎప్పుడూ కొత్తిమీర ఉంటుంది. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్‌లకు నారు పోయరు, నేరుగా కుండీలోనే విత్తాలి. ముల్లంగిలో పూసా చేత్కి వేడిని ఓర్చుకుంటుంది, 45 రోజుల్లో పీకేయవచ్చు. క్యారెట్‌కు నవంబరు దాకా ఆగండి, కురోడా రకం తీసుకోండి. క్యారెట్ గింజ మొలవడానికి పది రోజులు దాటుతుంది, అప్పటిదాకా పైపొర ఒక్క పూట కూడా ఎండకూడదు. తడి గోనె కప్పి, మొలక కనబడగానే తీయండి. బఠాణీ, వెల్లుల్లి, స్ట్రాబెర్రీల జోలికి వెళ్లకండి. లంబసింగిలో స్ట్రాబెర్రీ పండుతోందంటే అక్కడి చలి వేరు. సముద్రానికి ఇంత దగ్గరలో ఆ చలి మనకు దొరకదు.

మట్టి విషయంలో చాలామంది చేసే పని, వానల ముందే కొత్త ఎరువంతా కుండీల్లో నింపడం. అక్టోబరు వానలకు అందులోని నత్రజని కరిగి అడుగు రంధ్రాల నుంచి పోతుంది. అందుకని ఇప్పుడు ఎరువును తయారు మాత్రమే చేయండి. బాగా మాగిన పశువుల ఎరువు 10 కిలోలు, వేప పిండి కిలో, ట్రైకోడెర్మా 100 గ్రాములు కలిపి, చెమ్మ తగిలేలా నీళ్లు చల్లి, తడి గోనెతో కప్పి వాన తగలని చోట నీడలో ఉంచండి. మూడు రోజులకోసారి తిరగేయండి. వారం పది రోజుల్లో కుప్ప మీద తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కనబడితే భయపడకండి, మనకు కావాల్సింది అదే. నాటే రోజున కుండీకి రెండు గుప్పెళ్లు వేసుకోండి. ఖాళీ కుండీల మీద పాలిథిన్ కప్పి ఉంచితే మట్టి బురద కాకుండా ఉంటుంది.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మీ పందిరి విస్తీర్ణం 200 చదరపు అడుగులు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే 1,850 లీటర్ల నీళ్లు దిగుతాయి. మొత్తం మిద్దె లెక్క వేస్తే అది ఎన్నో రెట్లు. ఆ నీళ్లు వెళ్లాల్సిన గొట్టం నోరు ఆకులతో మూసుకుపోయి ఉంటే శ్లాబు మీద బరువు, కింది గదిలో చెమ్మ రెండూ తప్పవు. ప్రతి గొట్టానికీ జాలీ పెట్టించండి, వారానికోసారి తీసి శుభ్రం చేయండి. కుండీలన్నిటినీ ఇటుకల మీదికి ఎత్తండి. కుండీల కింది పళ్లేలు ఈ రెండు నెలలూ తీసేయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు, ఆ పళ్లెంలో నిలిచిన నీళ్లు సరిపోతాయి. పగలు కుండీల చాటున దాక్కునే నత్తలు రాత్రి వచ్చి మొలకలు కొరుకుతాయి. సాయంత్రం క్యాబేజీ ఆకులు నాలుగు నేల మీద పరిచి, టార్చి వేసి చూస్తే వాటి కింద గుంపుగా దొరుకుతాయి. చేతికి తొడుగు వేసుకుని ఏరండి, ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. వాటి మీద ఉప్పు చల్లుతుంటారు, కుండీల దగ్గర ఆ పని వద్దు.

మీవారి భయం సహేతుకమైనదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు మన ఊళ్లో ఎన్ని చెట్లు కూలాయో మీరూ చూసే ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. షేడ్ నెట్ గాలిని పూర్తిగా వదలదు, పెనుగాలికి తెరచాపలా ఉబ్బి గొట్టాలను లాగుతుంది. తుపాను హెచ్చరిక వినగానే చేయాల్సిన మొదటి పని నెట్, పాలిథిన్ రెండూ పూర్తిగా విప్పి కిందికి తీసుకెళ్లడం. ఇంకా గట్టిగా బిగించి కట్టడం తప్పు, బిగిస్తే నెట్‌తో పాటు పందిరీ పోతుంది. అందుకని తాళ్లకు ముడులు కాకుండా తేలిగ్గా విప్పగల కట్లు వేయించండి, గాలి లేని రోజున మీరిద్దరూ ఒకసారి విప్పి చూసుకోండి. పందిరి కాళ్లు శ్లాబుకు ఎలా బిగించారో మేస్త్రీ చేత ఇప్పుడే చూపించండి. సిమెంటు డబ్బాల్లో నిలబెట్టినవైతే చాలవు. పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉండకూడదు. అది ఎగిరి వీధిలో ఎవరి మీదైనా పడితే ప్రాణం పోతుంది. తల బరువున్న పొడుగు మొక్కలను కుండీతో సహా గోడ వార పడుకోబెట్టండి. నారు ట్రేలను ఇంట్లోకి తెచ్చుకోండి. కోతకు వచ్చిన కాయలు, ఆకుకూరలు ముందే కోసేయండి. గాలి మొదలయ్యాక మాత్రం మిద్దె మీదికి ఎవరూ వెళ్లొద్దు.

తుపాను వెళ్లాక మొదట చేయాల్సింది మొక్కల మీద మంచినీళ్లు చల్లి ఆకులు కడగడం. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు ఆకుల మీద ఎండితే అంచులు మాడిపోతాయి. కుండీ మట్టిలోకి కూడా అడుగు నుంచి కారేదాకా రెండు సార్లు మంచినీళ్లు పోయండి. విరిగిన కొమ్మలు శుభ్రంగా కోసేయండి, వంగిన మొక్కలకు ఊతం కట్టండి. ఒక వారం ఎరువేదీ వేయకండి, వేళ్లు దెబ్బతిని ఉంటాయి. వట్టిగా కనబడే మొక్కను వెంటనే పీకేయకండి. మిరప, వంగ మొదళ్ల నుంచి చాలాసార్లు తిరిగి చిగురిస్తాయి.

కరివేపాకు చివరికి మిగిలింది. లేత ఆకులే పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, లీటరు నీటికి 5 గ్రాములు, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద వారానికోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. ముదురు ఆకులూ లేత ఆకులూ కలిసి పసుపు తిరిగితే కుండీ నిండా వేళ్లు చుట్టుకుపోయి నీరు దిగడం లేదన్నమాట. ఐదేళ్ల మొక్క కాబట్టి నాకు ఇదే ఎక్కువ అనుమానం. మబ్బు పట్టిన రోజున కుండీని పక్కకు వాల్చి మొక్కను బయటికి తీయండి. గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను చుట్టూ ఒక అంగుళం మేర కోసి, ఒక సైజు పెద్ద కుండీలో ఇసుక కలిపిన కొత్త మట్టితో నాటండి. పైకొమ్మలను మూడో వంతు కత్తిరించండి, ఆ ఆకు వారానికి సరిపడా కూరలకు వస్తుంది. కొత్త చిగుళ్లు రాగానే పక్షి రెట్టలా కనిపించే చిన్న గొంగళి పురుగులు చేరతాయి. అవి పెరిగితే ఆకుపచ్చగా మారి రెండు రోజుల్లో కొమ్మ ఖాళీ చేస్తాయి. చిగురు మీద చూసినప్పుడే ఏరేయండి, వాటికి మందు కొట్టాల్సిన పని లేదు.